పాదరక్షలు లోపల విడువరాదు

జ్యేష్ఠ శుద్ధ తదియ

తెల్లగదిలో మీటరు ఎంత చూపించింది, ఎవరు వచ్చి వెళ్ళారు, వరాలు ఏం తిన్నది, ఈ మూడూ రోజూ రాసిపెట్టమన్నారు డాక్టర్ ఫర్హానా గారు. మూడు ముక్కలు రాసి ఊరుకోవడం నాకు చేతకాదు. రాయమన్నారు కాబట్టి రాస్తాను. ఓపిక ఉంటే చదువుకుంటారు, లేకపోతే లేదు.

చంద్రుడి మీద కూర్చుని తిథులు వేయడమేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతుంటారు. మరి ఇంకేం వేయాలి? ఇక్కడ ఒకసారి తెల్లవారితే రెండు వారాల దాకా పొద్దుగూకదు. తిథి అంటే చంద్రుడి లెక్క, మేమున్నదీ ఆయన మీదే. ఇంతకంటే దగ్గరి లెక్క నాకు దొరకలేదు.

నా పేరు కూర్మారావు. సొరంగప్పేటలో పెద్దగడప కాపలా నాది. పెద్దగడప అంటే బయటి పని నుంచి వచ్చేవాళ్ళు గాలి తలుపులు దాటి ఊళ్ళోకి అడుగుపెట్టే చోటు. మనిషికి ఒక్క జత బూట్లే ఇస్తారు, బయటా అవే, లోపలా అవే. ఆ బూట్ల మీద గుడ్డ తొడుగు వేసి, మడమ దగ్గర బిగించి, ‘ఇక వెళ్ళు’ అనడం నా ఉద్యోగం. చిన్న పనే. కాని ఇక్కడి దుమ్ము ఎలాంటిదో తెలిస్తే చిన్న పని అనరు. గాలీ వానా తగలని దుమ్ము కాబట్టి దాని అంచులు అరగలేదు. ఒక్కొక్క రేణువూ పగిలిన గాజుపెంకు. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే కోసుకుంటూ కూర్చుంటుంది, బయటికి రాదు.

వరాలు నా భార్య. ఏళ్ళ తరబడి బయట క్రేన్ నడిపింది. ఇప్పుడు నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఆయాసం. అందుకని డాక్టరు గారు మొన్న ఆమెను తెల్లగదికి మార్చారు. అక్కడి గాలి వేరు, జల్లెడలు వేరు. గోడకు గాలిలో దుమ్ము కొలిచే మీటరు, దాని మీద ఒక ఎర్రగీత. పున్నమికి ఓడ వస్తుంది. ఆనాటికి ముల్లు ఎర్రగీత కింద ఉంటే వరాలు ఇక్కడే ఉంటుంది. గీత దాటితే ఆ గది రోగికి పనికిరాదని ఓడ ఎక్కించి భూమికి పంపేయాలి, అది పైవాళ్ళ రూలు. కింద ఇక్కడికి ఆరింతల బరువు. ఇన్నేళ్ళు తేలిగ్గా బతికిన గుండె ఆ బరువులో కొట్టుకోదని డాక్టరు గారు నా మొహం మీదే చెప్పారు. దుమ్ములో ఉంచితే ఊపిరి పోతుంది, కిందికి పంపితే గుండె పోతుంది. ముల్లు గీత కింద ఉంటేనే మనిషి దక్కుతుంది.

ఈ పూట ముల్లు గీతకు చాలా కిందే ఉంది. వరాలు గిన్నెడు అంబలి తాగింది. చూడటానికి పైడమ్మ, ఆమెతోపాటు రాళ్ళు నలగ్గొట్టే రాళ్ళమరలో పనిచేసే మరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. నేను గడప దగ్గర డ్యూటీలో ఉన్నప్పుడే పరామర్శ వేళ. అందుకని వాళ్ళతో నేను వెళ్ళలేను. కాని తొడుగులు మాత్రం నా చేత్తోనే వేసి పంపాను.

ఇంకొకటి రాయాలి. తెల్లగది తలుపు బోర్డు మీద ఎవడో మెకానిక్కు ‘సంచులు తియ్యొద్దు’ అని వంకర అక్షరాలతో రాసి పెట్టాడు. ఈ ఊళ్ళో అందరూ తొడుగుల్ని సంచులనే అంటారు. సంచులట, ఉల్లిపాయలు పోసుకోడానికి. రోగి ఉన్న గది, నలుగురూ వచ్చే చోటు, కాస్త మర్యాదైన తెలుగు ఉండాలా వద్దా? ఆ రాత చెరిపేసి, ఎర్ర రంగుతో గుండ్రంగా రాశాను: పాదరక్షలు లోపల విడువరాదు. గదిలో కూర్చున్నాక కాళ్ళు ఉడుకుతున్నాయని తొడుగులు లాగేసే అలవాటుంది మావాళ్ళకి, అది మానాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంది బోర్డు.

శుద్ధ చవితి

ముల్లు కొద్దిగా లేచింది. డాక్టరు గారు కంగారు పడవద్దన్నారు. పడవద్దంటే మానేసే రకాన్ని కాను నేను.

పాత తొడుగులన్నీ ముందేసుకుని కుట్లు చూశాను. సరుకు మూటల గుడ్డ ఇది, మధ్యలో రాగి పోగు కలిపి నేస్తాం. నడుస్తుంటే గుడ్డకు పుట్టే విద్యుత్తు ఆ పోగు గుండా నేలలోకి దిగిపోవాలి, లేకపోతే దుమ్ము అయస్కాంతానికి ఇనప రజనులా అంటుకుంటుంది. రెండు జతలకు పోగు తెగి ఉంటే తీసి పక్కన పడేశాను.

కొత్తగా దిగినవాళ్ళకు ఈ పూట తొడుగుల పాఠం చెప్పాను. అది నేనే తయారుచేసిన పాఠం, ఎవరూ అడగలేదు. పూర్వం తుపాకిమందు దాచే గదుల్లో బూటు మేకులు నేలకు రాసుకుని నిప్పురవ్వ పుడుతుందని మెత్తటి తొడుగులు వేసుకుని నడిచేవారు. వాన దేశాల వాళ్ళు తోలు బూటు నానకుండా పైన రబ్బరు బూటు వేసేవారు. రాజభవనాలు చూడటానికి వచ్చినవాళ్ళు చెక్క నేల గీసుకుపోకుండా ఉన్ని చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఈడ్చుకుంటూ తిరిగేవారు. ఆపరేషన్ థియేటర్లో నీలం ప్లాస్టిక్కు, చిప్పుల ఫ్యాక్టరీలో తెల్ల గుడ్డ. ఒకచోట నేల కోసం, ఒకచోట బూటు కోసం, ఒకచోట ప్రాణం కోసం. ఇంత చరిత్ర వెతికాను గాని మన వైపు వాడిన తొడుగు ఒక్కటీ నాకు కనబడలేదు. మనం గుమ్మం దగ్గర విప్పేవాళ్ళమే గాని తొడిగేవాళ్ళం కాదు. ఈ మాట అనేసరికి వెనక కూర్చున్నవాడు ఆవలించాడు. పాఠం ఆపేశాను.

పైడమ్మ వాళ్ళు వచ్చి వెళ్ళారు. వరాలు బాగా నవ్విందట.

శుద్ధ షష్ఠి

తెల్లవారింది. ఎండ పడగానే బయట దుమ్ము మేలుకుంటుంది, విద్యుత్తు పట్టి నేల మీద జానెడెత్తున తేలుతుంది. పనివాళ్ళ మోకాళ్ళ దాకా బూడిద రంగు. నా కుంచె అరిగిపోయింది.

తెల్లగది ముల్లు మళ్ళీ లేచింది. ఇదంతా తెల్లవారిన దుమ్మే అనుకుని, ఈ పూట నుంచి ఒక్కొక్కరికీ ఒకదాని మీద ఒకటి రెండేసి తొడుగులు వేశాను. పైడమ్మ గునిసింది.

“ఏటి మేస్టారూ, ఏనుగు కాళ్ళు సేసేత్తన్నారు. ఎలాగ నడిసేది?”

నేను మేష్టర్ని కాను. మాటలు దిద్దుతానని వరాలు పెట్టిన పేరు, ఊరంతా పట్టుకుంది.

డ్యూటీ దిగి గదికి వెళ్ళాను. వరాలు మంచానికి చేరబడి కూర్చుని ఉంది, మొహం తేటగా ఉంది. నా మొహం చూడకముందే నా కాళ్ళ కేసి చూసింది. చూసి, గోడ వైపు తిరిగింది.

“నీకింకా సంచులేనా?” అంది.

“సంచులనకు. పాదరక్షలు అను,” అన్నాను.

నేను అంబలి కలిపి ఇస్తే సగం తాగి పక్కన పెట్టేసింది. పైడమ్మ వాళ్ళు వస్తే కబుర్లూ నవ్వులూ, నేను వెళ్తే గోడ. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు. రోగం మనిషిని చిరాకు పెడుతుందని డాక్టరు గారు అన్నారు. ఆ చిరాకు అంతా నా వాటాకే వస్తోంది.

శుద్ధ అష్టమి

ముల్లు ఎర్రగీతను తాకింది.

డాక్టరు గారు జల్లెడలు విప్పించి చూశారు, ఒక్క చిల్లు లేదు. తలుపు రబ్బరు బాగుంది. “గాలిలో నుంచి రావడం లేదండీ. ఎవరి కాళ్ళతోనో వస్తోంది,” అన్నారు ఆవిడ.

కాళ్ళతో అంటే నా పనిలోనే తప్పన్నమాట. గడప దగ్గర కూర్చుని, పరామర్శకు వెళ్ళి తిరిగొచ్చిన తొడుగులన్నీ తెల్లగుడ్డతో అడుగున రుద్ది చూశాను. గుడ్డకు పెద్దగా ఏమీ అంటలేదు. అడుగు కూడా అంతగా అరగలేదు. అంటే నా తొడుగులు మంచివే. మరి ముల్లు ఎందుకు లేస్తోంది? తల పగిలిపోతోంది.

పైడమ్మ రాళ్ళమరలో పనిచేస్తుంది. ఊరు మొత్తంలో అంత దుమ్ము మీద పడేది ఆ మనిషికే. జుట్టులో, చెవుల వెనక, గోళ్ళలో దుమ్ము ఉండే మనిషి రోజూ వెళ్ళి నా భార్య మంచం మీద కూర్చుంటోంది. వరాలు కంటే చిన్నది, అప్పా అప్పా అంటూ తిరుగుతుంది. ప్రేమ లేదని కాదు. కాని ప్రేమ ఉంటే దుమ్ము రాదా?

శుద్ధ నవమి

పరామర్శలు ఆపేశాను. డాక్టరు గారిని అడిగాను, సరేనన్నారు. పైడమ్మకు మాత్రం గడప దగ్గర నేనే చెప్పాను. మెత్తగా చెబుదామనుకున్నాను, నోట్లోంచి మాట మరోలా వచ్చింది.

“నీ రాళ్ళమర దుమ్ము తెచ్చి నా భార్య మంచం మీద పోస్తున్నావు. ఇక రావద్దు.”

పైడమ్మ నోరున్న మనిషి. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంది.

“అలాగే మేస్టారూ. అప్ప బాగుండాల, అంతే,” అని వెళ్ళిపోయింది.

వెళ్ళాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిలబడబుద్ధీ కాలేదు. ఆ పూట వచ్చినవాళ్ళ తొడుగులు ఎలా కట్టానో కూడా గుర్తులేదు.

శుద్ధ ఏకాదశి

ముల్లు దిగుతోంది. గీత మీద ఉన్నదల్లా కొంచెం కొంచెంగా దిగుతోంది గాని పున్నమికి కిందికి చేరుతుందని నమ్మకం లేదు. పడ్డ దుమ్ము నేలలో, పరుపు సందుల్లో ఉండిపోయింది, కదిలితే లేస్తుంది. అయినా నేను అనుకున్నదే నిజమయింది. పైడమ్మ రావడం మానగానే దిగింది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

వరాలు తినడం మానేసింది. ఈ పూట దగ్గుతుంటే నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ మీద ఎర్రటి చార కనిపించింది. నాకు చూపించకుండా మడిచేసింది. చూశానని నేనూ చెప్పలేదు.

“పైడి రాలేదేటి?” అని అడిగింది.

“డ్యూటీలు మారాయి,” అన్నాను.

“అందరివీనా?”

“అందరివీ.”

అబద్ధమని తెలిసిపోయింది ఆమెకి. నా వైపు కాదు, నా కాళ్ళ వైపు చూసి కళ్ళు మూసుకుంది. ఆ చూపు ఏమిటో అడుగుదామనుకున్నాను, ధైర్యం చాలలేదు. ఓడ ఎక్కించే రోజున కూడా ఇలాగే చూస్తుందా అనిపించింది.

దాచకుండా ఒక మాట రాస్తున్నాను. ఆమె కళ్ళు మూసుకున్నాక మీటరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. దాని మూతికి తడిగుడ్డ ఒకటి అడ్డం పెడితే ముల్లు పడిపోతుంది, ఓడ వెళ్ళేదాకా అలా ఉంచితే చాలు. గుడ్డ చేతిలోనే ఉంది. ఓడ వెళ్ళిపోతుంది, దుమ్ము మాత్రం ఈమె దగ్గరే ఉంటుంది కదా అని తోచింది. గుడ్డ జేబులో పెట్టుకుని వచ్చేశాను. భయంతో మనిషి ఎంత దాకా పోతాడో నాకు ఈ పూట తెలిసింది.

శుద్ధ ద్వాదశి

ఈ పూట జరిగింది జరిగినట్టు రాయాలి.

షిఫ్టు దిగి అందరూ లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పైడమ్మ ఇంటికి పోయి మళ్ళీ వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. గడప ఇవతలే నిలబడింది, తొడుగుల కోసం కాలు చాపలేదు.

“నాను గదిలోకి రాను మేస్టారూ. సోడి అంబలి కాసినాను, అప్పకి మీరే ఇవ్వండి. అప్ప తినడం నేదంట గదా.”

రాగుల అంబలి గిన్నె అందుకున్నాను. ఆమె అలాగే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

“నా దుమ్మే అంతన్నారు. అలాగే అనుకుంటాను. గాని ఒక్క మాట. నానెప్పుడూ ఆ గదిలోకి సంచి కాలెట్టనేదు. బూటు కాలూ ఎట్టనేదు.”

“కాలు పెట్టకుండా ఎలా వెళ్ళావు?”

“ఒట్టికాళ్ళతో ఎల్లినాను. అందరం అలాగే ఎల్లినాం.”

నాకు మొదట అర్థం కాలేదు. ఒట్టికాళ్ళతో ఎందుకు వెళ్ళారని గట్టిగా అడిగాను. ఆమె నాకు మతి పోయిందా అన్నట్టు చూసింది.

“మీరే రాసినారు కదేటి తలుపు మీద. ఎర్ర అచ్చరాలతోటి. ‘పాదరక్షలు లోపల విడువరాదు.’ లోపల ఒగ్గకూడదన్నారు కదా అని బయటే ఒగ్గీసినాం. బూట్లూ, వోటి మీదున్న సంచులూ అన్నీ బయట వసారాలోనే ఇప్పీసి, ఒట్టికాళ్ళతో లోపలికి ఎల్లినాం. గుడి కాడ ఇప్పినట్టే. రోగం మనిషి ఉన్న గది, ఆ మాత్రం గౌరవం ఉండద్దా?”

గిన్నె కింద పెట్టి, గోడ పట్టుకున్నాను.

విడువరాదు అంటే నా ఉద్దేశం విప్పకండి అని. వాళ్ళకు అందింది లోపల వదిలిపెట్టకండి అని. పాదరక్షలంటే నా లెక్కలో తొడుగులు. వాళ్ళకు పాదరక్షలంటే పుట్టినప్పటి నుంచి గుమ్మం బయట వదిలేవి, బోర్డు మీద ఆ మాట ఉంటే కాలికున్నవన్నీ విప్పాలి. అందులో వాళ్ళ తప్పు ఏముంది? నేనే అయినా మరొకడు రాసిన బోర్డయితే అలాగే చదివేవాణ్ణి.

విప్పి తొడిగినప్పుడల్లా రాలి, అసలు దుమ్మంతా చేరేది బూటు లోపలే. చెమట పట్టిన అరికాలికి అది ముద్దలా అంటుకుంటుంది. బూటు ఉంటే లోపలే ఉండిపోతుంది, పైన తొడుగు ఉంటే మరీను. ఒట్టికాళ్ళతో నడిస్తే నేలంతా అద్దుకుంటుంది, ఆరి పొడవుతుంది, ఊపిరి తగిలితే లేస్తుంది. తొడుగుల అడుగులు అరగకుండా ఎందుకు తిరిగొచ్చాయో ఇప్పుడు తెలిసింది. అవి గది గుమ్మం దాటనే లేదు.

“పైడమ్మా,” అన్నాను.

“ఏటయింది మేస్టారూ? రంగు మారిపోయినారు.”

చెప్పాను. అంతా చెప్పాను. ఆమె నేల మీద చతికిలబడి తల పట్టుకుంది. “అయ్యో, నా కాళ్ళే అప్పని తినేసినాయి,” అని ఏడ్చింది. నీ కాళ్ళు కాదు, నా రాత అని ఎన్నిసార్లు అన్నా వినలేదు. చివరికి నేనూ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

శుద్ధ త్రయోదశి

డాక్టరు గారికి చెప్పాను. “పరామర్శ వేళ నేనక్కడ ఉండను గాని, ఆ బోర్డు నేనూ రోజూ చదివానండీ. నాకు నియమం ముందే తెలుసు కాబట్టి మీరు అనుకున్నట్టే చదివాను,” అన్నారు. ఓదార్చడానికి అన్నారో, నిజమే చెప్పారో.

బోర్డు పీకేసి కొత్తది పెట్టాను. ‘బూట్ల మీద సంచులు వేసుకునే లోపలికి రండి. లోపల సంచులు తియ్యొద్దు’ అని రాశాను. సంచులు అనే రాశాను.

రాళ్ళమర ఆడవాళ్ళు ముగ్గురూ కాళ్ళకు తొడుగులు, ముక్కుకు గుడ్డలు కట్టుకుని అయస్కాంతపు కుంచెలతో గది నేల, గోడలు, మంచం కాళ్ళు అన్నీ తుడిచారు. ఆ సమయమంతా వరాలును ప్లాస్టిక్ గుడారంలో ఉంచాం. అది అయ్యాక నేను ఆమె దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

“వాళ్ళు ఒట్టికాళ్ళతో వస్తుంటే చూశావు కదా. నాకెందుకు చెప్పలేదు వరాలూ? నీకు తెలుసు కదా, క్రేన్ మీద ఉన్నదానివి, దుమ్ము సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.”

ఆమె ఊపిరి కూడదీసుకోడానికి కొంతసేపు పట్టింది.

“నువ్వే సెప్పి పంపినావనుకున్నాను,” అంది. “డాక్టరమ్మ కాళ్ళా యేళ్ళా పడి, నా కోసం ఒప్పించినావనుకున్నాను. ఆస్పత్రిలాగ కాకుండా మనింటికొచ్చినట్టు రానిస్తన్నారని. మొదటి దినం పైడి ఒట్టికాళ్ళతో వొచ్చి నా మంచం కాడ నిలబడితే... ఎన్నేళ్ళయిందో మనిషి పాదం సూసి. ఏడుపొచ్చీసింది నాకు.”

జారిపోతున్న దుప్పటి ఆమె భుజం మీదికి లాగాను.

“అందరూ కాళ్ళతో వొస్తన్నారు. నా మొగుడొక్కడే సంచులేసుకుని వొస్తన్నాడు. నన్ను ముట్టుకుంటే ఏటవుతాదో అన్నట్టు. రోజూ సూసేదాన్ని, ఈ పూటైనా ఇప్పి వొస్తాడేమో అని.”

ఇన్నాళ్ళూ ఆమె గోడ వైపు తిరిగింది అందుకు. నేను చేసింది ఆమె ప్రాణం కోసమే. అయినా ఆ సంచులతోనే మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు కూడా లేదు.

పున్నమి

ఏరువాక పున్నమి. కింద మావాళ్ళు ఏరు పూజించి అరక కట్టే రోజు. ఇక్కడ దున్నడానికి దుమ్మే ఉంది. పున్నమి నాడు మాకు భూమి కనబడదు, అమావాస్య చంద్రుడిలా మాయమవుతుంది. అది ఉండాల్సిన చోట నల్లగా ఉంది. కనబడకపోవడమే మంచిదనిపించింది.

ఓడ దిగింది. స్ట్రెచరు వసారాలోకి తెచ్చి పెట్టారు. దానికి పట్టీలు, పట్టీలకు కొక్కేలు, అన్నీ మెరుస్తున్నాయి. నేను దాని వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

ముల్లు గీతకు వెంట్రుక వాసి పైన ఉంది. డాక్టరు గారు ఓడ వాళ్ళతో మాట్లాడారు. సరుకు దింపేదాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత ఆగరు. ఇక చేసేదేమీ లేదు. గదిలో ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. నేనూ డాక్టరు గారూ గోడకు ఆనుకుని నిలబడ్డాం. వరాలు కూడా దగ్గు ఆపుకుంటోంది. మెడ నరాలు తేలిపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా దగ్గలేదు. దగ్గితే మంచం కదులుతుంది, కదిలితే దుమ్ము లేస్తుంది. తన ప్రాణం తనే అలా బిగబట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తూ నిలబడటం ఎంత నరకమో నాకు తెలుసు. నా కాళ్ళు వణికితే తొడుగులు గరగరమంటాయని వేళ్ళు ముడిచి నేలకు అదిమిపెట్టాను.

అవతల సరుకు దింపుతున్న చప్పుడు నేల గుండా తెలుస్తోంది. ఆ చప్పుడు ఆగకూడదని మొక్కుకున్నాను. ఆగిపోయింది.

డాక్టరు గారు మీటరు దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు. ఎంతసేపు చూశారో. తర్వాత వెనక్కి తిరిగి, “కింద ఉంది,” అన్నారు. “గీతకు ఆనుకునే ఉంది. కాని కింద ఉంది.”

సంతకం పెట్టారు. వచ్చే పున్నమి దాకా. అప్పుడు మళ్ళీ చూస్తారు.

వరాలు అప్పుడు దగ్గింది. ఆపుకున్నదంతా దగ్గింది. ఇక నుంచి ముక్కుకు ప్రాణవాయువు గొట్టం ఉండాల్సిందేనని, ఈ కొన్ని రోజుల దుమ్ము కోసిన మేర మళ్ళీ పూడదని డాక్టరు గారు నన్ను బయటికి పిలిచి చెప్పారు. తల ఊపాను. స్ట్రెచరు ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

బహుళ పాడ్యమి

నాకు నిద్ర లేదు, కుదురు లేదు. వచ్చే పున్నమి ఉంది, దాని తర్వాతది ఉంది. ఈ భయం ఇక నాతోనే ఉంటుంది కాబోలు.

డ్యూటీ ఎక్కకముందే డాక్టరు గారిని ఒకటి అడిగాను. ఒట్టికాళ్ళే అయినా, కడుక్కున్న కాళ్ళయితే?

ఆవిడ నన్ను కూర్చోబెట్టి, ఒక కాలు కడిగించి, అరికాలికి జిగురు టేపు అంటించి తీసి యంత్రంలో పెట్టారు. రెండో కాలికి బూటు, బూటుకు తొడుగు, దాని అడుగుకు ఇంకో టేపు. రెండూ చూశారు.

“కడిగిన కాలే నయం,” అన్నారు.

“మరి ఇన్నాళ్ళూ అందరికీ అదే ఎందుకు చెప్పలేదండీ?”

“నీళ్ళు ఎవరిస్తారండీ కూర్మారావు గారూ? తాగడానికే కొలిచి పోస్తున్నాం.”

నా వాటా నీళ్ళు నేను ఇస్తానన్నాను. కడిగిన నీళ్ళు పళ్ళెంలో పట్టి మళ్ళీ శుద్ధికి పంపుతానన్నాను. అవి తిరిగొచ్చేసరికి ఒక రోజు పడుతుంది, ఆ రోజు దాహంతో ఉంటాను, అంతే కదా. ఆవిడ వద్దనలేదు. పడిపోయేదాకా తెచ్చుకోకండి, వారానికి ఒకసారి చాలు అన్నారు.

తెల్లగది గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చున్నాను. బూట్లు విప్పి దూరంగా పెట్టించాను. నీళ్ళు పోసింది పైడమ్మ. బొటనవేళ్ళ సందులూ మడమ పగుళ్ళూ చూపించి మరీ రుద్దించింది. ఇక్కడ నీటి ధార నెమ్మదిగా, ఊగుతూ పడుతుంది, కాలు తాకేదాకా చూస్తూ కూర్చోవచ్చు. ఎన్నాళ్ళ తర్వాత కాలికి నీళ్ళు తగిలాయో, వెన్ను దాకా జలదరించింది. తుడుచుకుని, గడప దాటాను. నేల చల్లగా ఉంది.

వరాలు ముక్కుకు గొట్టంతో పడుకుని ఉంది. చప్పుడు లేకపోయేసరికి ఎవరో తెలియక తల తిప్పింది. ముందు నా కాళ్ళు చూసింది, తర్వాత నన్ను. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. ఆమె దుప్పట్లోంచి కాలు బయటికి చాపి, మంచం మీది నుంచి కిందికి జార్చి, నా పాదం మీద తన పాదం పెట్టింది. చల్లగా ఉంది. అలా చాలాసేపు ఉంచింది.

తర్వాత ఊపిరి తీసుకుని, గొట్టం పక్కకి జరుపుకుని, “గోళ్ళు తీసుకో మేస్టారూ, గుచ్చుకుంతన్నాయి,” అంది.